విత్తనములకై జీవించిన వావిలోవ్ పండితుడు

అన్నము పెట్టువాడు రైతని లోకము కొనియాడును. ఆ రైతు చేతికి విత్తన మెట్లు వచ్చినదని విచారించువారు మాత్రము అరుదు. మంచి విత్తనము తనంతట లభించునది కాదు. వేలయేండ్లుగా కృషీవలులు ఏరి, దాచి, పెంచి వారసులకిచ్చిన సొత్తు అది. ఆ సొత్తు ఏ దేశమున పుట్టినదో, ఎన్ని విధములుగా నున్నదో, దాని నెట్లు కాపాడవలెనో కనుగొనుటకై ఆయువునంతయు ధారవోసి, తుదకు కారాగారమున అన్నము లేక ప్రాణములు విడిచిన మహనీయుడు రష్యాదేశపు నికొలాయ్ వావిలోవ్. భూవసతి గల మన పాఠకులు ఆయన చరితము నెరుగుట అవసరమని మా యభిప్రాయము.

వావిలోవ్ 1887 నవంబరు 25వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి పేద కర్షక కుటుంబమున పుట్టి వర్తకమున పైకి వచ్చినవాడు. మాస్కోలో వ్యవసాయ విద్య ముగించి, వావిలోవ్ 1913లో ఇంగ్లండున కేగి, ఆనువంశిక శాస్త్రమున పేరొందిన విలియమ్ బేట్‌సన్ కడ అభ్యసించెను. బఠానీ మొక్కలపై మెండెల్ కనుగొన్న సూత్రములను పంటల యభివృద్ధికి వినియోగించుటయే నాటినుండి ఆయన సంకల్పము.

1916లో పారసీక దేశమున విడిసియున్న రష్యా సైనికులు రొట్టె తిని మైకము క్రమ్మి పడిపోవుచుండిరి. కారణము తెలిసికొనుటకు వావిలోవ్‌ను పంపిరి. గోధుమలతో కలిసిన యొక కలుపుగడ్డి గింజలు విషపూరితములై యున్నవని ఆయన తేల్చెను. పని ముగిసినను వెంటనే మరలక, పామీరు కొండలెక్కి అచ్చటి లోయలలోని పైరులను పరికించెను. ఈ ప్రయాణమే ఆయన జీవితమునకు దారి చూపినది.

1917లో సరాటోవ్ నగరమున ఆచార్యుడై, 1920లో అచ్చటనే తన ప్రసిద్ధ సూత్రమును ప్రకటించెను. గోధుమలో మీసమున్న వెన్నులు, మీసము లేని వెన్నులు, ఎర్రగింజలు, తెల్లగింజలు ఉన్నచో, దానికి దాయాదియగు రై ధాన్యమునను అట్టి భేదములే వరుసగా కానవచ్చునని ఆ సూత్రము తెలుపును. ఒక పైరులో నున్న గుణము దాని చుట్టమునందు ఇంకను కనబడకున్నచో, వెదకినవానికి దొరకునన్నమాట. మరుసటి సంవత్సరమున పెట్రోగ్రాడునందలి వృక్షశాస్త్ర సంస్థకు ఆయన అధిపతి యయ్యెను. అప్పుడే వోల్గానదీ తీరమున ఘోరమైన కరవు సంభవించి, 1921-22 సంవత్సరములలో లక్షలకొలది ప్రజలు మరణించిరి. కరవును జయించుటకు విత్తనమే ఆయుధమని వావిలోవ్ నిశ్చయించెను.

ఆనాటినుండి ఆయనయు ఆయన సహచరులును అయిదు ఖండములు గాలించిరి. 1924లో హిందూకుష్ పర్వతములు దాటి ఆఫ్ఘనిస్థానమును, 1926-27లలో మధ్యధరా తీరదేశములను, అబిసీనియాను, అనగా నేటి ఇథియోపియాను, 1929లో పశ్చిమ చైనాను, జపానును, 1930 తరువాత అమెరికా ఖండములను వావిలోవ్ స్వయముగా చుట్టివచ్చెను. సంతలలోను, పల్లెటూళ్ల గాదెలలోను, కొండచరియలలోను పిడికెడేసి గింజలు సేకరించి పొట్లములు కట్టి పంపెను. 1940 నాటికి ఆ భాండారమున రెండు లక్షలకు పైగా నమూనాలు చేరినవి.

ఏ పైరు ఏ ప్రాంతమున అధికమైన వైవిధ్యముతో నుండునో అదియే దాని జన్మభూమియని ఆయన సిద్ధాంతము. 1929లో అల్మా-అతా నగరమును చుట్టియున్న అడవి ఆపిలు వనములను చూచి, తోట ఆపిలు పుట్టిల్లు అదియే యని నిర్ణయించెను. ఇటీవలి జన్యుపరిశోధనలు దానిని బలపరచినవి. మన దేశమును గూడ ఆయన ఇట్టి జన్మస్థానములలో నొకటిగా గణించి, వరి, కంది, పెసర, మినుము, వంకాయ, మామిడి ఇచ్చటివే యనెను. వరిసాగు మొదట చైనాలో ఆరంభమైనదని తరువాతి పండితులు తేల్చినను, కంది, మామిడి మొదలగువాని విషయమున ఆయన మాట నేటికిని నిలిచియున్నది.

ఇంత వైవిధ్యమేల యని కొందరడుగవచ్చును. ఇంగ్లీషువారి యేలుబడిలో నలిగిన ఐర్లండు పేదరైతులు బంగాళాదుంపలో విశేషముగా ఒక్కరకమునే నమ్ముకొని బ్రతికిరి. 1845లో తెగులు తగిలి ఆ పంట కుళ్లిపోసాగెను. తరువాతి సంవత్సరములలో సుమారు పదిలక్షలమంది ఆకలికిని రోగములకును బలియైరి. పాలకుల నిర్దయతో పాటు ఒక్కరకపు విత్తనమును ఇందులకు కారణము. తెగులును, చలిని, బెట్టను తట్టుకొను గుణము ఎచ్చటనో మారుమూలనున్న నాటురకమునందో, అడవి మొక్కయందో దాగియుండును. అది నశించిన పిమ్మట ఎంత ధనము పోసినను మరల రాదు.

ఇట్టి పనికి ఓర్పు కావలెను. క్రొత్త వంగడమును సిద్ధపరచుటకు పది పండ్రెండేండ్లు పట్టును. కాని సోవియట్ పాలకులు నాలుగైదేండ్లలో ఫలితము కోరిరి. ఆ తరుణమున ట్రోఫిమ్ లైసెంకో యనువాడు బయలుదేరి, విత్తనమును నానబెట్టి చలిలో నుంచినచో పంటలు విస్తరించుననియు, జన్యువులనునవి బూటకమనియు చాటెను. మొదట వావిలోవే అతనిని ప్రోత్సహించెను. కాని స్టాలిన్ అనుగ్రహము సంపాదించిన లైసెంకో, 1938లో వ్యవసాయ శాస్త్ర పరిషత్తునకే అధ్యక్షుడయ్యెను. తొమ్మిది సంవత్సరములకు పూర్వము ఆ పరిషత్తును స్థాపించి నడపిన వావిలోవ్ మాత్రము తన శాస్త్రమును విడువలేదు.

1940 ఆగస్టు 6వ తేదీన పశ్చిమ ఉక్రెయినులో మొక్కలు సేకరించుచుండగా ఆయనను నిర్బంధించిరి. ఆనాటి ఆయన సంచిలో ప్రాచీన గోధుమజాతి వెన్నులుండెనట. 1941 జూలైలో మరణశిక్ష విధించి, పిమ్మట దానిని ఇరువదియేండ్ల ఖైదుగా మార్చిరి. 1943 జనవరి 26వ తేదీన, తాను ఒకనాడు ఆచార్యుడై వెలుగొందిన సరాటోవ్ నగరపు చెరసాలలోనే, తిండిలేక శుష్కించి వావిలోవ్ మరణించెను. ఆయన సమాధి ఏ చోటనున్నదో నిశ్చయముగా తెలియదు. ఆ ప్రభుత్వమే 1945లో ఆయన తమ్ముడు సెర్గేయ్‌ను శాస్త్రపరిషత్తు అధ్యక్షునిగా గౌరవించినది; 1955లో వావిలోవ్ నిర్దోషియని ప్రకటించినది.

గురువు చెరలోనుండగా శిష్యులు చేసిన త్యాగము అంతకు తక్కువైనది కాదు. 1941 సెప్టెంబరు మొదలు 1944 జనవరి వరకు జర్మను సేనలు లెనిన్‌గ్రాడును ముట్టడించినవి. నగరమున జనులు ఆకలిచే రాలిపోవుచుండిరి. చుట్టును ధాన్యపు పొట్లములున్నను సంస్థలోని పండితులు ఒక్క గింజయైన ముట్టలేదు. వేరుసెనగలను కాచిన షూకిన్, వరిని కాచిన ఇవానోవ్, ఇంకను పలువురు ఆకలితో మరణించిరి. ఆ విత్తనములు మిగిలినవి. యుద్ధానంతరము అవియే క్రొత్త వంగడములకు మూలములైనవి.

మన పొలములలో అక్కుళ్లు, మొలగొలుకులు వంటి పూర్వపు ధాన్యములు మెల్లమెల్లగా మరుగుపడుచున్నవి. క్రొత్తవంగడము హెచ్చు దిగుబడి నిచ్చుట సత్యమే. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని క్రొత్తదానికి తల్లి పాతదే. 1972లో స్థాపితమైన పటాన్‌చెరువునందలి అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ విత్తనములను లక్షకు పైగా భద్రపరచినది. సంస్థలు చేయగలది కొంతయే. ప్రతి గ్రామమునను భూస్వాములు తమ పొలమున రెండు సెంట్లు నాటువిత్తనమునకు విడిచిపెట్టి, ఏటేట మార్చి విత్తి దాచినచో, అది తరువాతి తరమునకు తీరని ఆస్తి కాగలదు. శాస్త్రవేత్త నోరు నొక్కిన ప్రభుత్వము ప్రజల కంచమును ఖాళీచేయుననుటకు వావిలోవ్ మరణము సాక్ష్యము. గింజను కాపాడినవాడే జాతిని కాపాడుననుటకు ఆయన జీవితము సాక్ష్యము. ఈ రెంటిని మనము మరువరాదు.