ఓరుగంటి గణపతిదేవ మహారాజు

మన ఆలేరునకు సమీపమున నున్న కొలనుపాక యొకప్పుడు కాకతీయుల యేలుబడిలోని పట్టణము. ఆ వంశమున మిక్కిలి దీర్ఘకాలము రాజ్యము చేసినవాడు గణపతిదేవుడు.

ఆయన బాల్యము సుఖముగా గడువలేదు. తండ్రియగు మహాదేవరాజు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మడిసెను. గణపతి శత్రువులకు చిక్కి చెరలో నుండెను. రాజులేని రాజ్యమును సేనానియగు రేచర్ల రుద్రుడు కాపాడెను. యాదవరాజు జైతుగి విడుదల చేయగా, 1199వ సంవత్సరమున గణపతిదేవుడు సింహాసన మెక్కి, అరువదియేండ్లకు పైగా పరిపాలించెను.

ఆయన తీరాంధ్రమును జయించుటచే, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు వశమయ్యెను. అయినను రేవు దొరకినంతమాత్రమున వర్తకము దొరకదు. పరదేశపు వర్తకుడు ఓడకు సరకెత్తక మునుపే లెక్క చూచుకొనును. అచ్చట తన సరకునకు గిరాకి యున్నదా? సుంక మెంత? గాలివానకు ఓడ యొడ్డునకు కొట్టుకొనివచ్చినచో సొమ్ము దక్కునా? మొదటి ప్రశ్నకు బజారే జవాబు చెప్పును. తక్కిన రెంటికిని ఆ దేశపు రాజు చెప్పవలెను.

పూర్వపు రాజులు తుపానుచే చెడి తమ తీరమున బడిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు మొదలగు సర్వస్వమును కైకొనుచుండిరి. గణపతిదేవు డా యాచారమును మాన్పెను. 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లిలో శాసనము చెక్కించి, నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు గైకొనబోమని ద్వీపాంతర వర్తకుల కభయ మిచ్చెను. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, పట్టునూలు, పగడములు మొదలగు వాని సుంకములను ఱాతిపై వ్రాయించెను. ఆ శాసన స్తంభ మచ్చటి వీరభద్రాలయమున నున్నది. చేతికందిన ధనమును విడుచుట బొక్కసమునకు నష్టమే. కాని చెరలో పరుల దయపై బ్రతికినవాడు పరదేశి భయమెట్టిదో యెరిగియుండు ననుకొనుట సహజము.

ఆయన యనంతరము కుమార్తె రుద్రమదేవి రాజ్యమేలెను. వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఆమె పరిపాలనను, మోటుపల్లి సీమయందలి వజ్రములను, సన్నని వస్త్రములను మెచ్చి వ్రాసెను. 1323లో ఓరుగల్లు పతనమయ్యెను. పిదప 1358లో కొండవీటి అనపోతారెడ్డి ఆ రేవుననే వర్తకులకు మరల నభయశాసనము వ్రాయించెను.

కోటలు కూలినను ఆ ఱాతిమీది మాట నేటికిని నిలిచియున్నది. బాలురారా, పరులు మనయొద్దకు నిర్భయముగా వచ్చునట్లు నడుచుకొనుటయే నిజమైన ఐశ్వర్యమని ఈ రాజు చరిత్రవలన గ్రహింతుము గాక.