విలియం ఆర్మ్‌స్ట్రాంగ్
విలియం జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ (నవంబరు 26, 1810 - డిసెంబరు 27, 1900) ఇంగ్లాండుకు చెందిన ఇంజనీరు, పారిశ్రామికవేత్త. నీటి పీడనంతో పనిచేసే క్రేనును, పీడనాన్ని నిల్వచేసే అక్యుములేటరును రూపొందించి హైడ్రాలిక్ యంత్రాల వ్యాప్తికి మార్గం వేసాడు. ఫిరంగుల నిర్మాతగా కూడా ప్రసిద్ధుడు.

బాల్యం, వృత్తి
ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూకాజిల్ నగరంలో ధాన్యపు వ్యాపారి కుటుంబంలో జన్మించాడు. తండ్రి కోరిక మేరకు న్యాయవాద వృత్తి చేపట్టాడు. 1835లో చేపల వేటకు వెళ్ళినపుడు ఒక నీటిచక్రాన్ని గమనించి, ప్రవాహంలోని శక్తిలో అధికభాగం వ్యర్థమవుతున్నదని గ్రహించాడు. 1846లో నగరపు నీటిగొట్టాల పీడనంతో నడిచే క్రేనును న్యూకాజిల్ రేవులో నెలకొల్పాడు. ఇందులో పిస్టను కదిలే కొద్దిపాటి దూరాన్ని కప్పీలు, గొలుసు అనేక రెట్లు పెంచుతాయి. 1847లో న్యాయవాద వృత్తిని విడిచి ఎల్స్‌విక్‌లో కర్మాగారం స్థాపించాడు.

అక్యుములేటరు
నీటిని 10 మీటర్ల ఎత్తున నిలిపితే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో పీడనం లభిస్తుంది. 1852లో పూర్తయిన గ్రిమ్స్‌బీ రేవు గోపురంలో తొట్టి సుమారు 60 మీటర్ల ఎత్తున ఉండేది. అంటే పీడనం 6 కిలోలు మాత్రమే. ఆ పీడనంతో 1,000 కిలోల బలం పొందటానికి 167 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం గల పిస్టను కావాలి.

న్యూ హాలండ్ రేవులో ఇసుకనేల కారణంగా అటువంటి గోపురం కట్టడం కష్టమయింది. అందువలన ఆర్మ్‌స్ట్రాంగ్ ఎత్తుకు బదులు బరువును ఉపయోగించాడు. పంపు నీటిని సిలిండరులోకి నెట్టి, బరువులు పేర్చిన పిస్టనును పైకి లేపుతుంది. క్రేను పనిచేసేటపుడు ఆ బరువు దిగుతూ స్థిరమైన పీడనాన్ని ఇస్తుంది. పీడనం సుమారు 40 కిలోలకు పెరగటంతో అదే బలానికి 25 చదరపు సెంటీమీటర్ల పిస్టను సరిపోయింది. అప్పుడప్పుడు మాత్రమే పడే పెద్ద భారానికి పెద్ద పంపు అవసరం కూడా తప్పింది. చిన్న పంపు నిరంతరం నడుస్తూ శక్తిని కూడబెట్టేది.

ఆయుధాలు, వివాదాలు
క్రిమియా యుద్ధకాలంలో కొత్తరకం ఫిరంగిని రూపొందించి, దాని పేటెంటు హక్కులను ప్రభుత్వానికి ఇచ్చి 1859లో సర్ బిరుదు పొందాడు. తరువాత అమెరికా అంతర్యుద్ధంలో ఇరుపక్షాలకూ ఇతని సంస్థ ఆయుధాలు అమ్మింది. 1871లో రోజుకు తొమ్మిది గంటల పని కోరుతూ న్యూకాజిల్ కార్మికులు సమ్మె చేయగా, యజమానుల పక్షాన నిలిచాడు. సుమారు ఐదు నెలల తరువాత కార్మికులే గెలిచారు.

చివరి దశ
1876లో టైన్ నదిపై తిరిగే వంతెనకు, 1894లో లండన్ టవర్ బ్రిడ్జికి ఇతని సంస్థ హైడ్రాలిక్ యంత్రాలను సమకూర్చింది. క్రాగ్‌సైడ్‌లోని తన ఇంటికి 1878లో జలవిద్యుత్తు ఏర్పాటు చేసుకున్నాడు. 1887లో ప్రభువు హోదా పొందాడు. సంతానం లేదు. క్రాగ్‌సైడ్‌లోనే మరణించాడు.

నేటి వాహనాల వించిలలో నీటికి బదులు నూనె వాడతారు. అయినా పీడనం పెరిగినకొద్దీ అదే బలానికి చిన్న మోటారు చాలునన్న సూత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ క్రేన్లలో వలెనే వర్తిస్తుంది.