ఒక దవడ ఎముక కథ – హకీమ్ అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ జీవితం

పెద్దవాళ్ళ శరీరంలో 206 ఎముకలు ఉంటాయని ఈనాడు హైస్కూలు పిల్లవాడు కూడా చెబుతాడు. అందులో క్రింది దవడ ఒకే ఎముక అని సైన్సు పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. మనం నమిలినా, మాట్లాడినా కదిలేది ఆ ఎముకే. అయితే సుమారు వెయ్యేళ్ళపాటు గొప్ప గొప్ప వైద్యులు దాన్ని రెండు ఎముకలని చదువుకున్నారు, రెండని పాఠం చెప్పారు. ప్రతి మనిషికీ ముఖం మీదే ఉన్న ఆ ఎముకను సరిగా చూసి, ఇది ఒక్కటే అని వ్రాసిపెట్టిన మహనీయుడు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ. ఆయన జీవితాన్ని మన కుటుంబాలలోని పిల్లలు, పెద్దలు తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు.

అబ్దుల్ లతీఫ్ గారు 1162లో బగ్దాదులో జన్మించారు. తండ్రి పేరు యూసుఫ్. ఇబ్నుల్ లబ్బాద్, అంటే ఉన్ని కంబళ్ళు చేసేవారి బిడ్డ అనే పేరు కూడా ఆయనకుండేది. తండ్రి చిన్నతనం నుంచే ఆయన్ని పెద్ద పెద్ద ఉస్తాదుల దగ్గరకు తీసుకువెళ్ళి కూర్చోబెట్టేవారు. ఖురాన్ కంఠస్థం చేయడం, హదీసు, వ్యాకరణం, ఫిఖహ్, అరబ్బీ కవిత్వం – ఇవన్నీ ఆ వయసులోనే అబ్బాయి. ఆ తరువాత మనసు తత్వశాస్త్రం మీదికీ, వైద్యం మీదికీ మళ్ళింది.

అప్పట్లో చదువంటే ఒక ఊళ్ళో, ఒక మదరసాలో అయిపోయేది కాదు. పేరున్న ఆలిం ఎక్కడున్నాడంటే అక్కడికి ప్రయాణం కట్టేవారు. అబ్దుల్ లతీఫ్ గారు 1189లో మోసుల్ వెళ్ళారు. మరుసటి ఏడు డమాస్కస్ చేరారు. ఆ తరువాత అక్కా కోట వెలుపల సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ దండు విడిసి ఉన్న చోటికి వెళ్ళారు. అది క్రూసేడు యుద్ధకాలం. సుల్తాను గారి మంత్రి ఖాజీ అల్ ఫాజిల్ ఈ యువ పండితుని మెచ్చి, కైరోకు సిఫారసు ఉత్తరం వ్రాసి ఇచ్చారు. కైరోలో ఆయన కలుసుకున్న పెద్దలలో ప్రసిద్ధ యూదు వైద్యుడు మూసా బిన్ మైమూన్ కూడా ఒకరు.

1192లో సంధి కుదిరిన పిమ్మట జెరూసలేములో సుల్తాను దర్శనం లభించింది. ఆ రోజుల్లో సుల్తాను నగరం గోడలు కట్టిస్తూ, రాళ్ళు తానే భుజాన మోసేవారని అబ్దుల్ లతీఫ్ గారు వ్రాసుకున్నారు. నెలకు 30 దీనార్లు వేతనం ఏర్పాటయింది. డమాస్కస్ పెద్ద మసీదులో పాఠాలు చెప్పసాగారు. 1193లో సుల్తాను కన్నుమూశాక కొంతకాలానికి ఆయన కుమారుడు అల్ అజీజ్ వెంట మళ్ళీ ఈజిప్టు వచ్చేశారు. అక్కడ తెల్లవారగానే అల్ అజ్హర్‌లో పాఠం. మధ్యాహ్నం వైద్యం నేర్చుకునేవాళ్ళు వచ్చేవారు. సాయంత్రం మళ్ళీ మసీదులో వేరే శిష్యులు. రాత్రి తన సొంత చదువు. ఇదీ ఆయన దినచర్య.

ఇంతలో ఈజిప్టుకు గొప్ప కష్టం వచ్చిపడింది. ఆ దేశానికి నైలు నది వరదే అన్నం. నీటిమట్టం సుమారు 16 మూరలు లేస్తేనే పొలాలు తడిసేవి. 1200లో 13 మూరలు కూడా లేవలేదు. పంటలు పోయాయి. ఆ వెంట వచ్చిన రెండేళ్ళలో జనం కుక్కల్ని, చచ్చిన జంతువుల్ని తిన్నారు. చివరకు మనుషుల్ని మనుషులే తినేదాకా వచ్చింది. ఒక్క కైరోలోనే ఇరవై రెండు నెలల్లో సర్కారు లెక్కకెక్కిన శవాలు సుమారు 1,11,000 అని ఆయన పేర్కొన్నారు. లెక్కకు రానివారు ఇంకెందరో! ఖననం చేసే దిక్కు లేక కళేబరాలు దిబ్బలు పడ్డాయి. 1202లో భూకంపం కూడా వచ్చింది. ఇవన్నీ ఆయన కళ్ళారా చూసి, ఈజిప్టును గురించి వ్రాసిన గ్రంథంలో దాచకుండా వ్రాశారు.

ఈ ఘోరం మధ్యనే దవడ ఎముక సంగతి జరిగింది. ఆయన దగ్గర వైద్యం చదివేవాళ్ళకు శరీర నిర్మాణం పాఠం వచ్చింది. పాఠ్యగ్రంథం గాలెన్‌ది. మన యునానీ హకీములు జాలీనూస్ అని గౌరవంగా చెప్పుకునే ఆ గ్రీకు వైద్యుడు క్రీస్తు శకం రెండవ శతాబ్దం నాటివాడు. ఆయన మాటంటే వైద్యులకు శాసనం. కాని ఎంత చదివి చెప్పినా శిష్యులకు తలకెక్కడం లేదు. కంటితో చూడని ఎముకను మాటల్లో ఎలా తెలుసుకుంటారు? అల్ మక్స్ అనే చోట ఒక గుట్ట నిండా మనుషుల అస్థిపంజరాలు బయటపడి ఉన్నాయని ఎవరో చెప్పగా, గురువు, శిష్యులు కలిసి అక్కడికి వెళ్ళారు. అక్కడ 20 వేలకు తగ్గకుండా ఉంటాయని ఆయన అంచనా.

ఒక్కొక్క ఎముకా చూస్తూ పోయారు. కీళ్ళు ఎలా అమరాయి, ఏ ఎముకకు ఏ ఎముక ఆనుకుంది అన్నది పుస్తకంలో కంటే అక్కడ స్పష్టంగా అర్థమయింది. క్రింది దవడ దగ్గరకు వచ్చేసరికి ఆశ్చర్యం! అది రెండు ఎముకలనీ, గడ్డం దగ్గర అతుకు ఉంటుందనీ జాలీనూస్ వ్రాశాడు. ఎక్కడా అతుకు కనిపించలేదు. ఒక పుర్రె చూసి తీర్పు చెప్పే మనిషి కారాయన. రెండు వేలకు పైగా పుర్రెలు పరిశీలించారు. తన ఎదుటా, తాను లేనప్పుడూ ఇతరుల చేత కూడా చూపించారు. బూసీరులోని పురాతన సమాధుల ఎముకలను సైతం చూశారు. ఏళ్ళు గడిస్తే అతుకులు విడిపోవాలి గదా అని ఆలోచించారు. ఎన్నేళ్ళ ఎముకైనా దవడ మాత్రం ఒక్కటిగానే ఉంది. జాలీనూస్ ఎంత గొప్పవాడైనా ఆయన మాటకంటే కంటికి కనబడేదే నమ్మదగినదని అబ్దుల్ లతీఫ్ గారు తేల్చారు. ఆ వ్రాతలో అహంకారం లేదు, జాలీనూస్ పట్ల అగౌరవమూ లేదు.

నడుము క్రిందుండే త్రికాస్థి విషయంలో ఆయన ఇలా తీర్పు ఇవ్వలేదు. తోక ఎముకతో కలిపి అది ఆరు ఎముకలని గ్రంథం. కొన్ని శరీరాలలో ఒక్కటిగా కనిపించింది, కొన్నిటిలో ఆరుగా కనిపించింది. రెండూ ఉన్నవి ఉన్నట్టే వ్రాశారు. ఎందుకలా కనిపించిందో ఈనాటి విజ్ఞానం చెబుతుంది. త్రికాస్థి మొదట ఐదు పూసలు. పదహారు, పదిహేడేళ్ళ వయసులో అతుక్కోవడం మొదలై, ఇరవై అయిదేళ్ళు వచ్చేసరికి ఒకటవుతుంది. తోక ఎముక కూడా దానితో అతుక్కుపోయేవారున్నారు. అంటే వయసును బట్టీ, మనిషిని బట్టీ లెక్క మారుతుందన్నమాట. దవడ కూడా అంతే. పుట్టిన బిడ్డకు అది రెండు ముక్కలే. సుమారు ఏడాది వయసులో ఒకటవుతుంది. కుక్కల్లో ఆ అతుకు పెద్దయినా పోదు. జాలీనూస్ కోసి చూసినవి ఎక్కువగా కోతులు, ఇతర జంతువులే. పొరపాటు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు ఊహించుకోవచ్చు.

ఎముక అంటే ఎండు కట్టె అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బ్రతికున్న పదార్థం. పుట్టినప్పుడు బిడ్డ శరీరంలో రమారమి 300 దాకా ఉండే ఎముకలు, మృదులాస్థి ముక్కలు పెరిగే కొద్దీ కలిసిపోయి 206 అవుతాయి. ఇంటికి దూలాల మాదిరి అస్థిపంజరం శరీరాన్ని నిలబెడుతుంది. పుర్రె మెదడును, వెన్నుపూసలు వెన్నుపామును, పన్నెండు జతల పక్కటెముకలు గుండెను, ఊపిరితిత్తులను కాపాడతాయి. కండరాలు ఎముకలను పట్టి లాగితేనే చెయ్యి లేస్తుంది, కాలు కదులుతుంది. నమాజులో వంగినా, సజ్దా చేసినా కీళ్ళ చలవే. ఇంట్లో నల్లి వండినప్పుడు పిల్లలు పోటీపడి జుర్రుకునే మూలుగ ఉంది చూడండి, మన ఎముకల్లో అటువంటి మూలుగే రక్తకణాలను తయారుచేస్తుంది. శరీరంలోని క్యాల్షియంలో నూటికి 99 పాళ్ళు ఎముకల్లోనూ, పళ్ళలోనూ ఉంటుంది. రక్తానికి తక్కువైతే ఎముకే అప్పిస్తుంది. అందుకే పాలు, ఆకుకూరలు, కాస్త ఎండ, కాస్త నడక మన ఆడవాళ్ళకూ, వయసు మళ్ళినవారికీ తప్పనిసరి.

అబ్దుల్ లతీఫ్ గారు ఈజిప్టు వదిలాక డమాస్కస్, అలెప్పోలలో ఉండి, ఎర్జింజాన్ పాలకుని ఆశ్రయంలో చాలా ఏళ్ళు గడిపి తిరిగి అలెప్పో చేరారు. నూరుకు పైగా గ్రంథాలు, చిన్న పుస్తకాలు వ్రాశారు. రసవాదంతో బంగారం చేస్తామనేవాళ్ళను తీవ్రంగా ఖండించారు. హజ్ చేయాలని బయలుదేరి, తన గ్రంథాలను ఖలీఫాకు సమర్పించాలని బగ్దాదు మీదుగా వెళ్ళారు. ఊరు విడిచి నలభై ఏళ్ళు దాటింది. అక్కడే జబ్బుపడి 1231 నవంబరులో పరమపదించారు. తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు. ఆయన జీవితాన్ని భద్రపరచిన ఇబ్ను అబీ ఉసైబియా తాతగారు ఆయనకు మిత్రులు.

విచారించదగిన సంగతి ఒకటుంది. దవడను గురించిన మాట వైద్య గ్రంథంలో కాక దేశవర్ణనలో ఉండిపోవడం వల్ల వైద్యులకు అంతగా చేరలేదు. 1543లో వెసాలియస్ యూరపులో అదే సంగతిని సొంతంగా కనుక్కొని అచ్చువేయించాడు. అబ్దుల్ లతీఫ్ గారి పుస్తకం ఆక్స్‌ఫర్డులో 1800లో లాటిన్ అనువాదంతోనూ, 1810లో సిల్వెస్టర్ ద సాసీ ఫ్రెంచి అనువాదంగానూ వచ్చాకే లోకానికి బాగా తెలిసింది. పాత అరబ్బీ గ్రంథాలను వెలికితీసే పని మన హైదరాబాదులోనూ జరిగింది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మారిఫ్ వారు అర్రాజీ గారి అల్ హావీ అనే మహా వైద్యగ్రంథాన్ని అచ్చువేశారు.

అల్ మక్స్ దిబ్బమీద పడివున్నవారు ఆకలితో చచ్చిపోయిన పేదలు. వారి పేర్లు ఎవరికీ తెలియవు. కఫన్ కూడా దక్కని ఆ బీదల ఎముకలు మనిషి శరీరం గురించి వెయ్యేళ్ళ పొరపాటును సరిదిద్దాయి. వాళ్ళ ఆకలిని వ్రాసిన కలమే వాళ్ళ ఎముకలను గురించీ వ్రాసింది. మన పిల్లలు బడిలో అస్థిపంజరం బొమ్మ ముందు నిలబడ్డప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. గురువు మాట శ్రద్ధగా వినమనండి, ఆ తరువాత తమ కళ్ళతోనూ చూడమనండి.