రైతు పేరు గల రాళ్ళ పండితుడు - అగ్రికోలా

మా డెల్టాలో పిల్లవాడికి రాయి చూపించాలంటే రోడ్డు మీద కంకరో, గుళ్ళో విగ్రహమో చూపించాలి. బందరు, గుడివాడ, దివిసీమ - ఎటు వెళ్ళినా కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రుమట్టే. అటువంటి చోట వ్యవసాయ కుటుంబంలో పుట్టి సైన్సు చదువుతున్న నాకు, ఖనిజశాస్త్ర పితామహుడని లోకం చెప్పుకునే మనిషి పేరుకు అర్థం ‘రైతు’ అని తెలిసినప్పుడు ఆశ్చర్యమూ, కాస్త గర్వమూ కలిగాయి. ఆయన జీవితాన్ని నాకు తెలిసినంతలో మిత్రుల ముందు ఉంచుతున్నాను.

జార్జ్ బవర్ 1494 మార్చి 24న జర్మనీలోని శాక్సనీ ప్రాంతంలో గ్లౌహౌ అనే ఊళ్ళో జన్మించాడు. తండ్రిది బట్టల తయారీ వృత్తి. బవర్ అంటే జర్మను భాషలో రైతు. ఆనాటి పండితుల ఆచారం ప్రకారం ఆ పేరును లాటిన్ చేసుకుని అగ్రికోలా అయ్యాడు. లైప్‌జిగ్‌లో చదివి, కొన్నాళ్ళు బడిపంతులుగా గ్రీకు, లాటిన్ బోధించాడు. తరువాత ఇటలీ వెళ్ళి వైద్యం నేర్చుకున్నాడు.

1527లో యోవాకిమ్‌స్థాల్ అనే వెండి గనుల పట్టణానికి వైద్యుడిగా వెళ్ళడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. నేడు చెక్ దేశంలో ఉన్న ఆ ఊరి వెండి నాణేలకు ‘తాలర్’ అని పేరు. డాలర్ అన్న మాట అందులోంచి పుట్టిందే. రోగుల్ని చూడగా మిగిలిన సమయమంతా ఆయన గనుల్లోనూ, కొలుముల దగ్గరా గడిపేవాడు. పనివాళ్ళని అడిగి తెలుసుకునేవాడు. విన్నదానికంటే కన్నదానికే విలువ ఇచ్చేవాడు. 1546లో అచ్చయిన పుస్తకంలో ఖనిజాలను రంగు, మెరుపు, బరువు, గట్టిదనం, రుచి, వాసన వంటి గుణాలను బట్టి వర్గీకరించాడు. నేటికీ ప్రాక్టికల్సులో రాయి చేతికిస్తే మనం మొదట చూసేవి ఇంచుమించు ఇవే కదా!

ఆ గనుల్లో ఆయన ఎక్కువగా చూసినవి గంధకంతో లోహాలు కలిసిన ఖనిజాలు, అంటే సల్ఫైడులు. సీసం, గంధకం కలిస్తే గెలీనా. నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. పగలగొడితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది. అందులో నూటికి 86 పాళ్ళు పైగా సీసమే. ఇనుము, గంధకం కలిస్తే పైరైటు. చూడటానికి బంగారంలా మెరుస్తుంది గానీ, పింగాణీ బిళ్ళ మీద గీస్తే నల్లటి గీత పడుతుంది. రాగి కూడా చేరితే చాల్కోపైరైటు. పసుపు ఇంకా చిక్కన, గట్టిదనం తక్కువ.

అగ్రికోలా కాలానికి మైక్రోస్కోపు లేదు. సల్ఫైడులలో చాలావాటి గుండా వెలుతురు పోదు కాబట్టి మామూలు పలుచని పలకలో అవి నల్లటి మచ్చలు మాత్రమే. ముక్కను అద్దంలా మెరుగుపెట్టి, పైనుంచి వెలుతురు వేసి చూడాలి. అప్పుడు గెలీనా తెల్లగా, ముక్కోణపు గుంటలతో కనిపిస్తుంది. పైరైటు లేత పసుపు తెలుపు, చాల్కోపైరైటు ఇత్తడి పసుపు, జింకు ఖనిజమైన స్ఫాలరైటు బూడిదరంగు. మన రాష్ట్రంలోనూ వినుకొండకు చేరువలోని అగ్నిగుండాల ప్రాంతంలో రాగి, సీసపు ఖనిజాలున్నాయి. అక్కడి బండలమొట్టులో సీసం గని నడిచింది కూడా.

తరువాత ఆయన కెమ్నిట్స్ పట్టణంలో స్థిరపడి వైద్యుడుగా, నగర మేయరుగా పనిచేశాడు. ప్లేగు వచ్చినప్పుడు రోగులను వదిలిపెట్టి పోలేదు. 1555 నవంబరు 21న కన్నుమూశాడు. కాథలిక్కు అయినందున ఆ ఊళ్ళో సమాధికి చోటివ్వలేదు. జైట్స్ ఊరి చర్చికి తీసుకుపోయారు. గనుల మీద ఆయన రాసిన పన్నెండు భాగాల మహాగ్రంథం ‘డి రె మెటాలికా’ మరుసటి ఏడాది 1556లో బాసెల్‌లో అచ్చయింది. దాన్ని 1912లో ఇంగ్లీషులోకి తెచ్చినవారు హెర్బర్ట్ హూవర్ దంపతులు. ఆ హూవరే తరువాత అమెరికా అధ్యక్షుడయ్యాడు.

ఆ గ్రంథం గురించి చదివినప్పుడు నా మనసుకు పట్టింది యంత్రాల బొమ్మలు కావు. గనుల వల్ల పొలాలు పాడవుతాయి, అడవులు నరికిపోతాయి, ఖనిజం కడిగిన నీరు వాగుల్లో చేరి చేపలు చస్తాయి అని రైతులూ ఇతరులూ చేసిన ఫిర్యాదులను ఆయన దాచలేదు. మొదటి భాగంలోనే రాశాడు. గనుల దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తే, కార్పాతియన్ కొండల్లో ఒక్కో స్త్రీకి ఏడుగురు భర్తలు పోయిన సంగతీ రాశాడు. గాలి ఆడటానికి యంత్రాలు ఎలా కట్టాలో చూపించాడు.

పొలాల ఫిర్యాదుకు మాత్రం ఆయన జవాబు, గనులు ఎక్కువగా పంట పండని కొండల్లోనే ఉంటాయి కాబట్టి నష్టం తక్కువని. ఇది నాకు మింగుడుపడలేదు. కొండ మీద నీరు కొండ మీదే ఉండిపోదు. కాలువ శివారు వాళ్ళం, ఎగువన ఏం కలిసినా చివరికి మా చేలోకే వస్తుందని మాకు తెలుసు. పైరైటుకు గాలీ నీరూ తగిలితే అన్నభేదీ, గంధకామ్లమూ పుడతాయి. అందుకోసం గనిదాకా పోనక్కర్లేదు. మడ అడవుల నల్ల బురదలో కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది కదా, అది గంధకపు పనే. సముద్రపు నీటిలోని గంధకం, మట్టిలోని ఇనుము కలిసి, గాలి తగలని అటువంటి బురదలో పైరైటు తయారవుతుంది. మైక్రోస్కోపులో చూస్తే చిన్న చిన్న గింజలు ముద్దకట్టిన గుండ్రటి ఉండలు. తడిలో ఉన్నంతకాలం దానివల్ల హాని లేదు. చెరువు కోసమని తవ్వి గట్టున ఆరబోస్తే ఆ మట్టి పులిసి ఆమ్లమవుతుంది.

రాళ్ళు లేని సీమలో ఖనిజశాస్త్రం ఎందుకని నన్ను ఇంటిదగ్గర అడిగారు. ఇకమీదట ఎవరడిగినా, నాగాయలంక వైపు మడ బురద ఒక గుప్పెడు చూపిస్తాను. కంటితో చూడమనీ, చెయ్యి పెట్టి వాసన చూడమనీ, తరువాతే మాట్లాడమనీ నేర్పినవాడు రైతు పేరు గల ఆ వైద్యుడే.