బాయిలర్ ఫ్యాక్టరీలో దొరికిన స్కానింగ్

గర్భం వచ్చిన తొలి నెలల్లో స్కానింగ్‌కు వెళ్తే ముందుగా చెప్పే మాట ఒకటుంది: నీళ్లు బాగా తాగి రావాలి, బాత్రూమ్‌కు వెళ్లొద్దు. నారాయణఖేడ్‌లో చెప్పేదీ ఇదే, హైదరాబాద్‌లో చెప్పేదీ ఇదే. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకు నెట్టేసి, ధ్వని తరంగాలు గర్భాశయం దాకా వెళ్లేందుకు కిటికీలా పనిచేస్తుంది. 1960ల మొదట్లో గ్లాస్గోలో ఈ కిటుకు పట్టుకున్న డాక్టరు ఇయాన్ డొనాల్డ్. ప్రసూతి వైద్యంలోకి అల్ట్రాసౌండ్‌ను తెచ్చిన మనిషిగా ప్రపంచానికి తెలిసింది కూడా ఆయనే. డాక్టరు కథ కెరీర్ పేజీలో ఎందుకంటారా? ఇందులో సగం కథ ఓ ఇరవై మూడేళ్ల ఇంజినీరుది.

డొనాల్డ్ 1910 డిసెంబర్ 27న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో పుట్టారు. తండ్రి, తాత ఇద్దరూ డాక్టర్లే. తర్వాత కుటుంబం దక్షిణాఫ్రికా వెళ్లింది. అక్కడ ఆయన టీనేజ్‌లో ఉండగానే కొద్ది వారాల తేడాలో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. కేప్‌టౌన్‌లో చేసిన తొలి డిగ్రీ ఆర్ట్స్‌లో. ఫ్రెంచ్, గ్రీక్, సంగీతం చదివారంటే నమ్మబుద్ధి కాదు. ఆ తర్వాతే లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో వైద్యం చదివి, 1937లో పట్టా తీసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో డాక్టరుగా చేరారు. బాంబులతో ఉన్న విమానం మంటల్లో కాలిపోతుంటే, లోపలున్నవాళ్లను బయటికి లాగినందుకు పురస్కారం కూడా వచ్చింది. కానీ మన కథకు ముఖ్యమైంది వేరే: అక్కడ ఆయనకు రాడార్, సోనార్ పరిచయమయ్యాయి. తరంగం పంపు, ప్రతిధ్వని కోసం ఆగు, పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కకట్టు. అంతే సూత్రం. శరీరంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. పది సెంటీమీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి దాదాపు 130 మైక్రోసెకన్లు పడుతుంది. కావాలంటే కాగితం మీద చేసి చూడండి.

యుద్ధం అయ్యాక పుట్టగానే ఊపిరి అందని పసిపిల్లల కోసం శ్వాస యంత్రాలు తయారుచేశారు. యంత్రాల మీద ఆయనకున్న మోజు చూసి తోటివాళ్లు పిచ్చి డొనాల్డ్ అని పేరు పెట్టారు. 1954లో గ్లాస్గో యూనివర్సిటీలో ప్రసూతి వైద్య ప్రొఫెసర్ అయ్యారు.

అక్కడికి వెళ్లిన ఏడాదికి అసలు మలుపు వచ్చింది. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒకావిడ భర్త, బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీలో డైరెక్టర్. లోహంలో పగుళ్లున్నాయేమో చూడటానికి ఆ ఫ్యాక్టరీలో అల్ట్రాసౌండ్ యంత్రం వాడేవారు. 1955 జులైలో డొనాల్డ్ ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని రెండు కార్ల డిక్కీల్లో పెట్టుకుని ఫ్యాక్టరీకి బయల్దేరారు. వాటితో పోల్చడానికి కంపెనీవాళ్లు పెద్ద మాంసం ముక్క తెచ్చిపెట్టారట. గట్టిగా ఉండే ఫైబ్రాయిడ్‌కు తెర మీద ఒక రకం గీత, నీరు నిండిన సిస్ట్‌కు ఇంకో రకం. కడుపు కొయ్యకుండానే తేడా తెలుస్తోంది!

అప్పట్లో గర్భిణికి లోపల ఏముందో చూడాలంటే ఎక్స్‌రేనే దిక్కు. గర్భంలో ఉండగా ఎక్స్‌రే తగిలిన పిల్లల్లో క్యాన్సర్ ముప్పు ఎక్కువని 1956లో ఆలిస్ స్టీవర్ట్ బృందం బయటపెట్టింది. అంటే అవసరం అప్పటికే తలుపు తడుతోంది.

ఇక ఇంజినీరు. గ్లాస్గోలోని కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీలో పనిచేసే టామ్ బ్రౌన్‌కు, ఎవరో ప్రొఫెసర్ లోహాలు పరీక్షించే యంత్రాన్ని మనుషుల మీద వాడుతున్నాడని తెలిసింది. ఫోన్ డైరెక్టరీలో నంబర్ వెతికి నేరుగా డొనాల్డ్‌కే ఫోన్ చేశాడు. రిఫరెన్స్ లేదు, అపాయింట్‌మెంట్ లేదు. వెళ్లి చూస్తే అక్కడున్నది పాత యంత్రం. తన కంపెనీని ఒప్పించి మెరుగైనది ఇప్పించాడు. అక్కడితో ఆగలేదు. తెర మీద వచ్చే ఒక్క గీతతో అవయవం ఆకారం తెలియదు. ప్రోబ్ ఎక్కడుంది, ఏ కోణంలో ఉంది అన్నది కూడా నమోదుచేసి, ప్రతిధ్వనుల్ని వాటి చోట్లలో చుక్కలుగా పేరిస్తే బొమ్మ వస్తుంది కదా! ఆస్పత్రి మంచం మీదికి జరిపే భోజనం బల్లనే ఫ్రేమ్‌గా వాడి ఆ యంత్రాన్ని కట్టాడు.

ఆ రోజుల్లో ఒకామెకు కడుపు ఉబ్బిపోయింది. ముదిరిన క్యాన్సర్, చేసేదేమీ లేదని తేల్చేశారు. డొనాల్డ్ బృందం యంత్రం పెట్టి చూస్తే అది నీరు నిండిన పెద్ద అండాశయ సిస్ట్. తీసేశారు, ఆమె బతికింది. 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో ఆ పరిశోధన అచ్చయింది. డొనాల్డ్, డాక్టర్ జాన్ మెక్‌వికర్ పేర్ల పక్కన బ్రౌన్ పేరూ ఉంది. డాక్టర్ల పేపర్‌లో ఇంజినీర్‌కు దక్కిన ఈ చోటు నాకు చాలా నచ్చిన విషయం.

తర్వాతి ఏళ్లలో పిండం తల కొలిచి ఎదుగుదల అంచనా వేయడం అదే బృందంలో మొదలైంది. బ్రౌన్‌కు మాత్రం కాలం కలిసిరాలేదు. యాజమాన్య సంస్థ 1960ల్లోనే గ్లాస్గో ఫ్యాక్టరీని మూసేసింది. డొనాల్డ్‌కు గుండెకు మూడుసార్లు పెద్ద ఆపరేషన్లు జరిగాయి. అయినా 1976లో రిటైరయ్యేదాకా పని మానలేదు. 1987 జూన్ 19న కన్నుమూశారు.

అబార్షన్‌ను గట్టిగా వ్యతిరేకించిన మనిషి ఆయన. అలాంటి ఆయన యంత్రాన్నే మన దేశంలో ఆడపిల్లను కడుపులోనే గుర్తించి వదిలించుకోవడానికి వాడారు. అందుకే 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది. ప్రతి యంత్రం రిజిస్టర్ కావాలి, ప్రతి గర్భిణి స్కానింగ్‌కూ ఫారం-ఎఫ్ నింపాలి. పోర్టబుల్ యంత్రాన్ని బ్యాగులో వేసుకుని ఊరూరా తిరగడం కుదరదు. చట్టం అవసరమే, సందేహం లేదు. కానీ దాని బరువు మోసేది ఎవరు? నాగల్‌గిద్ద, కంగ్టి వైపు తండాల నుంచి ఖేడ్‌కో, సంగారెడ్డికో వెళ్లాల్సిన గర్భిణి. ఒక రోజు కూలీ పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ కూడా. అంత దూరం వెళ్లాక యంత్రం పనిచేయట్లేదంటే మళ్లీ ఇంకో రోజు.

2022 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం 44 ఆస్పత్రుల్లో 56 టిఫా యంత్రాలు పెట్టింది. శిశువు అవయవ లోపాల్ని 18 నుంచి 22 వారాల మధ్య పట్టుకునే స్కానింగ్ ఇది. యంత్రం కొనడం ఒక్క రోజు పని, నడిపించడం ఏళ్ల పని. ప్రోబ్‌లో ఉండేవి సున్నితమైన పియెజో స్ఫటికాలు. చెయ్యి జారి కింద పడితే పగులుతాయి, తెర మీద నల్ల చారలు వస్తాయి. కరెంటు హెచ్చుతగ్గులకు పవర్ బోర్డులు పోతాయి. స్కానింగ్ చేయాల్సింది అర్హత ఉన్న డాక్టరే. కానీ యంత్రాన్ని బతికించాల్సింది బయోమెడికల్, ఈసీఈ, ఈఈఈ చదివినవాళ్లు.

నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్క్ ఉంది, కందిలో ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలోనూ బయోమెడికల్ కోర్సు ఉంది. సర్వీస్ ఇంజినీర్ ఉద్యోగమంటే మనవాళ్లకు చిన్నచూపు, సాఫ్ట్‌వేర్ రాకపోతే చూద్దాంలే అంటారు. ఆ బైక్ మీద వెళ్లే ఇంజినీరు ఉదయం పదికల్లా ఆస్పత్రికి చేరి ప్రోబ్ మార్చేస్తే, తండా నుంచి ఫస్ట్ బస్సుకు వచ్చిన ఆమె సాయంత్రానికి రిపోర్టుతో ఇల్లు చేరుతుంది.