ఒక్క ప్రశ్నతో వెలుగు చూసిన గ్రంథాలు

తమిళులు ‘తమిళ తాత’ అని ఆప్యాయంగా పిలుచుకునే మహామహోపాధ్యాయ యు.వి. స్వామినాథయ్యర్ గారు 1855 ఫిబ్రవరి 19న కుంభకోణం సమీపంలో జన్మించారు. మహావిద్వాన్ మీనాక్షిసుందరం పిళ్ళై గారి వద్ద చదువుకుని, 1880లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో తమిళ పండితులుగా చేరారు.

ఆ ఏడాదే ఆ ఊరికి మున్సిఫుగా వచ్చిన సేలం రామస్వామి మొదలియారు గారిని కలిశారు. ఏమేమి చదివారని ఆయన అడిగితే, అయ్యర్ గారు పెద్ద పట్టికే చెప్పారు. మొదలియారు గారికి తృప్తి కలుగలేదు. అంతకంటె ప్రాచీనమైన ‘జీవక చింతామణి’ చదివారా అని అడిగి, తరువాత ప్రతి కూడా ఇచ్చారు. అది జైన కావ్యం. అర్థం కాని విషయాలను అయ్యర్ గారు స్థానిక జైనుల ఇళ్ళకు వెళ్ళి అడిగి తెలుసుకున్నారు. 1887లో దానిని అచ్చు వేయించారు.

ఇక ఊరూరా తిరిగి తాటాకు ప్రతులు సేకరించారు. ఎన్నో చెదలపాలయ్యాయి. ఒక దేవాలయంలోనైతే పాత తాటాకులను హోమంలో వేసేశారని తెలిసింది. దక్కినవాటితోనే 1892లో ‘శిలప్పదికారం’, 1894లో ‘పురనానూరు’, 1898లో ‘మణిమేకలై’ ప్రకటించారు.

1903లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు మారి, 1919లో పదవీ విరమణ చేశారు. పని మాత్రం మానలేదు. ‘కురుందొగై’ని ప్రకటించింది 1937లో, 82వ ఏట. 1942 ఏప్రిల్ 28న కన్నుమూశారు.

ఇంత కృషికి మొదలు ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్న. మన మనవలను, మనవరాళ్ళను మనమూ ఏమి చదువుతున్నారని అడుగుదాం. మనకు నచ్చిన పుస్తకం ఒకటి వారి చేతిలో పెడదాం.