జానీ యునైటస్

అమెరికా ఫుట్‌బాల్ ఆటలో కోలబంతిని చేతబట్టి పరుగిడుదురు, విసరుదురు. జట్టును నడపుచు బంతిని విసరువాడు క్వార్టర్‌బ్యాక్. అట్టివారిలో మేటి జానీ యునైటస్.

ఇతడు 1933లో పిట్స్‌బర్గు నగరమున జన్మించెను. ఐదవయేటనే తండ్రి గతింపగా, ఆయన బొగ్గుల వ్యాపారమును తల్లియే నడిపి బిడ్డలను పెంచెను. 1955లో ఆ నగరపు స్టీలర్సు జట్టు ఇతనిని చేర్చుకొనియు, ఒక్క పందెమునైన ఆడనీయక పంపివేసెను. అప్పటికే వివాహితుడు. కట్టడపు పనులలో కూలిచేయుచు, ఆటకు 6 డాలర్ల చొప్పున చిన్న జట్టొకదానిలో ఆడెను. ఆ స్వల్పమునకు సిగ్గుపడి యింట కూర్చుండినచో ఇతని పేరు మన చెవిని బడియుండెడిది కాదు.

1956లో బాల్టిమోరు కోల్ట్సువారు పిలిచిరి. 1958 డిసెంబరు 28న న్యూయార్కున జరిగిన తుదిపోటీలో, రెండు నిమిషములకన్న తక్కువ కాలము మిగిలియుండగా ఆ జట్టు 14-17తో వెనుకబడియుండెను. ఇతడు తొట్రుపడక మరల మరల విసరి బంతిని ముందునకు నడపెను; 7 సెకండ్లుండగా ఆట సమమయ్యెను; అదనపు కాలమున 23-17తో గెలుపు లభించెను.

1968లో కుడిమోచేతికి దెబ్బ తగిలెను. 1973 వరకు ఆడెను గాని, పిదప ఆ చేతి వ్రేళ్లు క్రమముగ వశము తప్పెను. కలము పట్టుటయు కష్టమయ్యెను. పరిహారమడుగగా లీగువారు నిరాకరించిరి. ఆటలన్నియు గెలిపించిన చేయి అదియే గదా! గోల్ఫు కర్రను ఆ చేతికి పట్టీతో బిగించుకొని ఆడెడివాడు. 2002 సెప్టెంబరు 11న గుండెపోటున మరణించెను.